గోరిమేడు దాకా టికెట్టు: పుదుచ్చేరి ప్రతిపక్షం చెప్పినది, మరిచినది

పుదుచ్చేరి పట్టణం నుంచి తిండివనం వైపు వెళ్లే రహదారి మీద, తమిళనాడు సరిహద్దుకు కాస్త ముందు గోరిమేడు ఉంది. పేరును విడగొడితే ‘గోరీల మిట్ట’ అన్న అర్థం తెలుగువారికి కూడా తడుతుంది. ఆ మిట్ట మీదనే జిప్మర్ ఆసుపత్రి ఉంది. ఉదయాన ఓపీ చీటీ కోసం అక్కడ వరుసలో నిలబడే వారిలో పుదుచ్చేరి వాసులతో పాటు కడలూరు, విలుపురం, తిరువణ్ణామలై జిల్లాల నుంచి వచ్చిన కూలీలు, చిన్న రైతులు పెద్ద సంఖ్యలో ఉంటారు. వారిలో అత్యధికులు బస్సు దిగి వచ్చినవారే.

2023లో ఆ ఆసుపత్రి 63 రకాల ఖరీదైన పరీక్షలకు, సేవలకు రుసుము వసూలు చేయాలని నిర్ణయించింది. 2024 డిసెంబరులో పుదుచ్చేరి ప్రభుత్వం టౌన్ బస్సుల కనీస చార్జీని 5 రూపాయల నుంచి 7 రూపాయలకు పెంచింది. రెండు సందర్భాల్లోనూ ప్రతిపక్షం ఖండించింది. వార్తాపత్రికలు వీటిని వేర్వేరు వార్తలుగానే ప్రచురించాయి. రోగి ఇంట్లో మాత్రం ఈ రెండు ఖర్చులూ ఒకే జేబులో నుంచి, ఒకే రోజున పోతాయి. ఆ రెండింటినీ కలిపి చూస్తే పుదుచ్చేరి రాజకీయ చరిత్రలోని ఒక పాత చిక్కు బయటపడుతుంది. పేదవాడి వైద్యం గురించి, ప్రయాణం గురించి గట్టిగా మాట్లాడేది ఎప్పుడూ ప్రతిపక్షమే. ఆ ప్రతిపక్షం అధికారంలోకి వచ్చాక ఆ మాటను కాగితం మీద పెట్టిన సందర్భాలు అరుదు. కాగితం మీద పెట్టాలనుకున్నా, కలం చాలావరకు మరొకరి చేతిలో ఉంటుంది.

ఆసుపత్రి ఎవరిది?

జిప్మర్ మూలాలు ఫ్రెంచి పాలనలో ఉన్నాయి. 1823లో ఫ్రెంచివారు పుదుచ్చేరిలో ఒక వైద్య పాఠశాలను నెలకొల్పారు. 1954 నవంబరు 1న పుదుచ్చేరి పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. అంతకు రెండు వారాల ముందు, అక్టోబరు 18న కీళూరులో ఎన్నికైన ప్రతినిధులు 178 మంది సమావేశమై ఓటు వేయగా, 170 మంది విలీనాన్ని కోరారు. 1956లో ఆ పాఠశాల ధన్వంతరి వైద్య కళాశాలగా మారింది. 1964 జూలై 13న నెహ్రూ పేరిట జిప్మర్ అయింది. అప్పటి నుంచి అది కేంద్ర ఆరోగ్య శాఖ నేరుగా నడిపే సంస్థ. ఆ శాఖకు ఇచ్చే నిధులతో అక్కడి వైద్యం దశాబ్దాల పాటు దాదాపు ఉచితంగా సాగింది.

పుదుచ్చేరికి సొంత శాసనసభ, మంత్రివర్గం వచ్చింది 1963 జూలై 1న, కేంద్రపాలిత ప్రాంతాల ప్రభుత్వ చట్టం అమలుతో. అంటే పట్టణంలోని అతిపెద్ద ఆసుపత్రి ఆ శాసనసభ పరిధిలోకి ఎన్నడూ రాలేదు. ముఖ్యమంత్రి ఎవరైనా జిప్మర్‌లో ఎక్స్‌రే ధరను నిర్ణయించే అధికారం ఆయనకు లేదు. రుసుము పెరిగితే శాసనసభలో తీర్మానం చేయవచ్చు, ఢిల్లీకి లేఖ రాయవచ్చు, గేటు ముందు ధర్నా చేయవచ్చు. ఈ పరిమితిని గుర్తుంచుకోకుండా ప్రతిపక్షాల ప్రకటనలను చదివితే, వాటిలోని ఆవేశమే కనబడుతుంది తప్ప నిస్సహాయత కనబడదు.

పార్లమెంటులో పుదుచ్చేరికి ఉన్నది ఒక్క లోక్‌సభ స్థానం, ఒక్క రాజ్యసభ స్థానం. ఆసుపత్రి మీద నిజమైన ప్రశ్న అడగగలిగిన వేదిక అదే. నాలుగు ప్రాంతాల ప్రజల ఆసుపత్రి గోడు ఆ రెండు గొంతుల మీదే ఆధారపడి ఉంది.

కార్మికుల వీధి నుంచి వచ్చిన సంప్రదాయం

పేదల బతుకు ఖర్చును రాజకీయ ప్రశ్నగా మార్చడం పుదుచ్చేరిలో నిన్న మొన్నటిది కాదు. 1936 జూలై 30న మిల్లు కార్మికుల సమ్మెపై ఫ్రెంచి పోలీసులు జరిపిన కాల్పుల్లో 12 మంది చనిపోయారు. ఆ ఉద్యమానికి నాయకుడు వి. సుబ్బయ్య. మరుసటి ఏడాదే, 1937లో, ఎనిమిది గంటల పనిదినం పుదుచ్చేరి కార్మికులకు చట్టబద్ధంగా దక్కింది. అప్పటికి ఆసియాలోనే అది అరుదైన విజయం. వీధిలో అడిగినది చట్టంలోకి ఎక్కిన తొలి ఉదాహరణ పుదుచ్చేరికి అదే.

సుబ్బయ్య తర్వాత భారత పాలనలో కమ్యూనిస్టు ప్రతిపక్ష నేతగా నిలిచారు. 1969లో ఎం.ఓ.హెచ్. ఫరూఖ్ నాయకత్వాన ఏర్పడిన డీఎంకే, కమ్యూనిస్టుల సంకీర్ణ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. ప్రతిపక్షం పాలకపక్షం కావడం, పాలకపక్షం మళ్లీ ప్రతిపక్షం కావడం ఆనాటి నుంచి అక్కడ మామూలైంది. 30 మంది ఎన్నికైన సభ్యుల సభలో ఇద్దరు ముగ్గురు అటు ఇటు మారితే ప్రభుత్వమే మారిపోతుంది. అందువల్ల పుదుచ్చేరిలో ప్రతి పెద్ద నాయకుడికీ రెండు రికార్డులు ఉంటాయి. ఒకటి ప్రతిపక్షంలో మాట్లాడినది, రెండోది అధికారంలో చేసినది.

సుబ్బయ్య కాలపు మిల్లులు ఇప్పుడు లేవు. వాటిలో అతి పెద్దదైన ఆంగ్లో ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ 2020 ఏప్రిల్ చివరన మూతపడింది. మిల్లు ఉద్యోగం ఉన్నవాడికి జీతంతో పాటు ఈఎస్‌ఐ వైద్యం కూడా ఉండేది. మిల్లు పోయాక అతడు రోజుకూలి అయ్యాడు, లేదా దుకాణంలో పనికి కుదిరాడు. జబ్బు చేస్తే అతడికి మిగిలినది ప్రభుత్వ ఆసుపత్రి ఒక్కటే. కార్మిక హక్కుల ప్రశ్న ఉచిత వైద్యం ప్రశ్నగా మారిన దారి ఇదే.

2008: స్వయంప్రతిపత్తి అనే మలుపు

2008లో పార్లమెంటు జిప్మర్‌కు ప్రత్యేక చట్టం చేసింది. దానితో అది ‘జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ’ అయింది. ఢిల్లీ ఎయిమ్స్ తరహాలో సొంత పాలకమండలి, సొంత నిధి, సొంత డిగ్రీలు వచ్చాయి. అప్పటి కేంద్ర ఆరోగ్య మంత్రి అన్బుమణి రాందాస్. సంస్థ ఎదగాలంటే శాఖాపరమైన అనుమతుల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే పద్ధతి పోవాలన్నది ఆ చట్టం వెనుక వాదన. ఆ వాదనలో బలం ఉంది. ఆ తర్వాతి కాలంలో జిప్మర్ విస్తరణే దానికి సాక్ష్యం.

అయితే ఆనాడే ఉద్యోగ సంఘాలు, పలు పార్టీలు ఒక భయాన్ని వ్యక్తం చేశాయి. స్వయంప్రతిపత్తి వచ్చిన సంస్థ తన ఆదాయాన్ని తానే వెతుక్కోవలసి వస్తుందని, ఆ వెతుకులాట చివరికి రోగి దగ్గరికే వస్తుందని వారి భయం. ఉచిత సేవలకు భంగం రాదని హామీలు వచ్చాయి. ఇలాంటి సంస్థల చట్టాల్లో, కేంద్రం ఇచ్చే సొమ్ముతో పాటు సంస్థ వసూలు చేసే రుసుములు కూడా సంస్థ నిధిలోనే జమ కావడం మామూలు ఏర్పాటు. అంటే రుసుము వసూలుకు తలుపు చట్టంలోనే ఉంది. దాన్ని తెరవరన్నది మాత్రం నోటిమాట.

ఆనాడు కేంద్రంలో ఉన్నది కాంగ్రెస్ నాయకత్వంలోని ప్రభుత్వం. పుదుచ్చేరిలో అధికారంలో ఉన్నదీ కాంగ్రెసే. ఎన్. రంగసామి అప్పుడు కాంగ్రెస్ ముఖ్యమంత్రి. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన స్థానంలో వి. వైద్యలింగం వచ్చారు. వి. నారాయణసామి అదే 2008లో కేంద్ర మంత్రివర్గంలో సహాయ మంత్రిగా చేరారు. తర్వాతి పదిహేనేళ్లలో జిప్మర్ రుసుముల మీద ఎక్కువగా మాట్లాడిన, మాట్లాడవలసి వచ్చిన నాయకులు ఈ ముగ్గురే. చట్టం పుట్టిన నాడు ముగ్గురూ ఒకే పార్టీలో, అధికార పక్షాన ఉన్నారు. ఉచిత వైద్యం హామీని సంఖ్యలతో, షరతులతో రాతపూర్వకంగా సాధించుకోవడానికి అంతకంటె అనువైన కాలం పుదుచ్చేరికి దొరకలేదు.

63 పరీక్షలు, 2,499 రూపాయలు

2023 నాటికి దృశ్యం మారింది. 2021 ఎన్నికల్లో 10 స్థానాలు గెలిచిన ఎన్‌ఆర్ కాంగ్రెస్, 6 స్థానాలు గెలిచిన బీజేపీ కలిసి రంగసామి నాయకత్వాన ప్రభుత్వాన్ని ఏర్పాటు చేశాయి. డీఎంకేకు 6, కాంగ్రెస్‌కు 2 స్థానాలు వచ్చాయి. డీఎంకే నేత ఆర్. శివ ప్రతిపక్ష నాయకుడయ్యారు. మాజీ ముఖ్యమంత్రి నారాయణసామి సభ బయట, ఎంపీ వైద్యలింగం లోక్‌సభలో కాంగ్రెస్ గొంతుగా మిగిలారు.

జిప్మర్ నిర్ణయం ప్రకారం నెలకు 2,499 రూపాయలకు మించి ఆదాయం ఉన్నవారు 63 రకాల పరీక్షలకు, సేవలకు డబ్బు కట్టాలి. పేదలకు ఉచితం కొనసాగుతుందని, రుసుము స్థోమత ఉన్నవారికేనని సమర్థకులు చెప్పారు. ప్రతిపక్ష పార్టీలు దీన్ని పేదల మీద భారంగా వర్ణించి, ఆదేశాన్ని ఉపసంహరించాలని కోరాయి.

ఎవరి వాదన నిలుస్తుందో తేల్చడానికి ఉపన్యాసాలు అక్కరలేదు, ఆ 2,499 అన్న అంకె చాలు. 2023–24లో తమిళనాడు, పుదుచ్చేరిలలో ఉపాధి హామీ పథకం రోజు కూలి 294 రూపాయలు. నెలలో తొమ్మిది రోజులు పని దొరికితే వచ్చేది 2,646 రూపాయలు. అంటే ఉపాధి పనికి నెలకు తొమ్మిది రోజులు వెళ్లిన కూలీ కూడా ఆ కొలమానం ప్రకారం ‘స్థోమత ఉన్నవాడే’. రేషన్ కార్డు చూపి మినహాయింపు పొందే వీలు ఉండవచ్చు. కానీ పొరుగు రాష్ట్రం నుంచి, ఆసుపత్రికి తొలిసారి వచ్చిన మనిషి చేతిలో సరైన కాగితం లేకపోతే ఆ అంకే అతడిని ఆపేస్తుంది. ప్రతిపక్షం పేదల పేరుతో చేసిన ఆరోపణ ఈ లెక్క దగ్గర నిలుస్తుంది. ధరలు, కూలీ పెరిగినా ఆదాయ పరిమితి పెరగకపోతే, ఉచితం అన్న మాట మిగిలి ఉన్నా అది వర్తించే మనుషులు ఏటేటా తగ్గిపోతారు.

రెండో పోలిక ఢిల్లీ నుంచే వస్తుంది. అదే కేంద్ర ఆరోగ్య శాఖ కింద ఉన్న ఢిల్లీ ఎయిమ్స్ 2022 మే నెలలో 300 రూపాయల లోపు పరీక్షలన్నిటికీ రుసుము రద్దు చేసింది. చిన్న రుసుముల వసూలుతో వచ్చే ఆదాయం కంటె రోగులు పడే తిప్పలే ఎక్కువన్న గుర్తింపు ఆ నిర్ణయంలో ఉంది. ఒకే శాఖ కింద ఒక సంస్థ రుసుము తగ్గిస్తుండగా మరొకటి కొత్త జాబితా వేయడానికి కారణం ఏమిటన్నది పార్లమెంటులో నిలదీయదగిన ప్రశ్న.

బీమా ఉంది కదా అన్నది మూడో వాదన. 2018 సెప్టెంబరు 23న మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా రక్షణ ఇస్తుంది. అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి కోసం. జబ్బు ఏమిటో తేలకముందు, ఓపీలో తిరుగుతూ స్కానింగులు చేయించుకునే దశలో కుటుంబం చేతి నుంచే డబ్బు పోతుంది. జిప్మర్ వివాదం రేగినది సరిగ్గా ఆ దశ ఖర్చు మీదే.

బస్సు చార్జీ ఎక్కడ నిర్ణయమవుతుంది?

ఆసుపత్రి రుసుము ఢిల్లీలో తేలితే, బస్సు చార్జీ పుదుచ్చేరిలోనే తేలుతుంది. కానీ అది కూడా శాసనసభలో తేలదు. 1988 మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ ప్రకారం చార్జీలు నిర్ణయించే అధికారం ప్రభుత్వానిది. ఒక ఉత్తర్వు వెలువడితే చాలు. బడ్జెట్‌లోని ప్రతి పద్దు మీద చర్చ జరిగే సభలో, రోజూ వేల మంది చెల్లించే చార్జీ మీద ముందుగా చర్చ జరగవలసిన అవసరం లేదు.

పుదుచ్చేరి పట్టణ బస్సుల్లో పెద్ద భాగం ప్రైవేటు యజమానులవి. ప్రభుత్వ సంస్థ పీఆర్‌టీసీది చిన్న వాటా. చుట్టూ తమిళనాడు ఉంది. ఒక మార్గం మధ్యలోనే రెండు మూడు సార్లు సరిహద్దు దాటే ఊళ్లు ఇక్కడ కొత్త కాదు. కాబట్టి తమిళనాడులో చార్జీ మారితే పుదుచ్చేరి మీద ఒత్తిడి పడుతుంది. 2018 జనవరి 20న తమిళనాడు ప్రభుత్వం చార్జీలను ఒక్కసారిగా పెంచినప్పుడు అక్కడి ప్రతిపక్ష నేత ఎం.కె. స్టాలిన్ నిరసనలకు నాయకత్వం వహించారు. ప్రభుత్వం పెంపును కొంత తగ్గించింది. 2021 మేలో ముఖ్యమంత్రి అయిన వెంటనే ఆయన సంతకం చేసిన తొలి ఉత్తర్వుల్లో సాధారణ టౌన్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఒకటి. ప్రతిపక్షంలో అన్న మాటకు అధికారంలో ఉత్తర్వు రూపం ఇచ్చిన ఉదాహరణగా దాన్ని చెప్పుకోవచ్చు.

పుదుచ్చేరిలో డీఎంకే ఆ ఉదాహరణనే చూపగలదు. అక్కడ చిక్కు ఏమిటంటే, తమిళనాడులో ఆ బస్సులు ప్రభుత్వానివి, పుదుచ్చేరిలో అత్యధికం ప్రైవేటువి. 2023 మార్చి బడ్జెట్ సమావేశాల్లో ముఖ్యమంత్రి రంగసామి కూడా ప్రభుత్వ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ప్రకటించారు. ప్రభుత్వ బస్సులే తక్కువగా ఉన్నచోట ఆ ప్రకటన చేరేది కొద్దిమందికే. ప్రైవేటు యజమానుల మాటకూ బరువుంది. విడిభాగాలు, బీమా, డ్రైవర్ల జీతాలు పెరిగాయి. డీజిల్ పుదుచ్చేరిలో తమిళనాడు కంటె చౌకే అయినా, 2025 జనవరి 1 నుంచి ఇంధనంపై వ్యాట్ కూడా పెరిగింది. ఏళ్ల తరబడి చార్జీ కదపకుండా ఉంచి ఒక్కసారిగా 40 శాతం పెంచడం వల్ల, యజమానికి నష్టాలతో గడిచిన ఏళ్లు, ప్రయాణికుడికి ఒక్కరోజులో పడిన భారం రెండూ మిగిలాయి.

రెండు రూపాయలు పెద్ద మొత్తమా అని అడిగేవారికి ఒక లెక్క చూపవచ్చు. జిప్మర్‌లో ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం ఉంది. రేడియేషన్ చికిత్స అంటే సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు. ఐదు వారాలు అనుకుంటే 25 రోజులు. రోగి, తోడు ఒకరు, రానుపోను కలిపి 100 టికెట్లు. కనీస చార్జీతోనే లెక్క వేసినా 500 రూపాయలు 700 అవుతాయి. బస్సు మారవలసి వస్తే 1,000 రూపాయలు 1,400 అవుతాయి. తోడు వచ్చినవారు కోల్పోయే కూలి దీనికి అదనం. చికిత్స పూర్తిగా ఉచితమైనా ఆ కుటుంబం ఖర్చు ఇది. మధ్యలో వైద్యం మానేసే రోగుల గురించి వైద్యులు చింతించేటప్పుడు మందుల ధరతో పాటు ఈ టికెట్ల లెక్క కూడా చూడాలి.

అధికారంలో ఉన్ననాటి మౌనం

పుదుచ్చేరి ప్రతిపక్షాన్ని పరీక్షించవలసినది ఇక్కడే. 2016 నుంచి 2021 ఫిబ్రవరి దాకా నారాయణసామి ముఖ్యమంత్రి. ఆ ఐదేళ్లూ లెఫ్టినెంట్ గవర్నర్ కిరణ్ బేదీతో అధికారాల పోరుతోనే గడిచాయి. ఉచిత బియ్యం ఇవ్వాలా, నగదు ఇవ్వాలా అన్న విషయం కూడా వివాదమైంది. 2019 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రే రాజ్ నివాస్ ముందు ధర్నాకు కూర్చున్నారు. 2019 ఏప్రిల్ 30న మద్రాసు హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఎన్నికైన ప్రభుత్వం వైపు మొగ్గింది. 2020 మార్చిలో డివిజన్ బెంచ్ ఆ తీర్పును కొట్టివేసింది. మంత్రివర్గానికీ గవర్నరుకూ భేదం వస్తే విషయం రాష్ట్రపతికి వెళ్లాలన్నది 1963 చట్టంలోని నియమం. అంటే చివరి మాట కేంద్రానిదే.

కాబట్టి చేతులు కట్టేశారన్న నారాయణసామి వాదన నిరాధారమైనది కాదు. కానీ చేతులు కట్టేయని కాలం కూడా ఆయన పార్టీకి ఉంది. 2008 నుంచి 2011 దాకా ఢిల్లీలోనూ పుదుచ్చేరిలోనూ అధికారం కాంగ్రెస్‌దే. 2010లో వైద్యలింగం హయాంలో ఇందిరాగాంధీ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అది నిజమైన విజయం, ఎందుకంటే ఆ ఆసుపత్రి పుదుచ్చేరి ప్రభుత్వం చేతిలోనే ఉంది. జిప్మర్ రుసుముల విషయంలో, ఆదాయ పరిమితి విషయంలో అలాంటి రాతపూర్వక హామీ ఆ కాలంలో రాలేదు. రంగసామి రికార్డు కూడా ఇదే తీరు. 2016 నుంచి 2021 దాకా ప్రతిపక్ష నేతగా ప్రభుత్వం ప్రజలకు ఏమీ చేయలేదని విమర్శించిన ఆయన హయాంలోనే బస్సు చార్జీ 7 రూపాయలు అయింది.

ఈ మతిమరుపు పుదుచ్చేరికే పరిమితం కాదు. బ్రిటన్‌లో 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవను ప్రారంభించిన అన్యూరిన్ బెవాన్, కట్టుడు పళ్లకు, కళ్లద్దాలకు రుసుము పెట్టాలని తన ప్రభుత్వమే నిర్ణయించినప్పుడు 1951 ఏప్రిల్‌లో రాజీనామా చేశారు. ఆయనతో పాటు పదవి వదిలిన వారిలో హెరాల్డ్ విల్సన్ ఉన్నారు. అదే విల్సన్ ప్రధాని అయ్యాక 1965లో మందుల చీటీ రుసుమును రద్దు చేశారు. 1968లో ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చినప్పుడు ఆ రుసుమును తిరిగి పెట్టింది కూడా ఆయన ప్రభుత్వమే. అయితే పిల్లలకు, వృద్ధులకు, దీర్ఘకాల రోగులు కొందరికి మినహాయింపులు రాసిపెట్టారు. రుసుము వచ్చినా మినహాయింపులు నిలిచాయి. రాసిపెట్టినదే మిగులుతుందన్న పాఠం అందులో ఉంది.

తెలుగు నేల చెప్పే పాఠం

ఈ చర్చలో తెలుగువారికి నేరుగా సంబంధం ఉంది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాం గోదావరి ఒడ్డున, కాకినాడకు దగ్గరలో ఉంది. రాజధాని పట్టణానికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. 2016–21 మధ్య పుదుచ్చేరి ఆరోగ్య మంత్రిగా పనిచేసిన మల్లాడి కృష్ణారావు యానాం నుంచే ఎన్నికయ్యారు. యానాం రోగికి జిప్మర్ ఉచితం అన్న మాట, రైలు టికెట్టు, బస తీసివేశాక మిగిలేదాన్ని బట్టే అర్థవంతమవుతుంది. 2024 ఫిబ్రవరి 25న ప్రధాని మోదీ రాజ్‌కోట్ నుంచి మంగళగిరి ఎయిమ్స్‌తో పాటు ప్రారంభించిన సంస్థల జాబితాలో యానాంలోని 90 పడకల జిప్మర్ విభాగం కూడా ఉంది. రోగిని ఆసుపత్రికి తెచ్చే ఖర్చుకు మెరుగైన జవాబు ఆసుపత్రినే రోగి దగ్గరకు తేవడం. 1946లో భోర్ కమిటీ చెప్పినది కూడా ఇదే. డబ్బు లేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని, సేవలు ప్రజలకు వీలైనంత దగ్గరగా ఉండాలని ఆ కమిటీ రెండు సూత్రాలనూ పక్కపక్కనే పెట్టింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుభవం మరొకటి. 2003 ఏప్రిల్ 9న ప్రతిపక్ష నేతగా చేవెళ్లలో పాదయాత్ర మొదలుపెట్టిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి అధికారంలోకి వచ్చాక 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు, 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాయి. ఆరోగ్యశ్రీ మీద విమర్శలు ఎన్నో ఉన్నాయి. ప్రైవేటు ఆసుపత్రులకు ప్రజాధనం మళ్లిందన్నది వాటిలో ముఖ్యమైనది. అయినా ఆ పథకం ప్యాకేజీలో ఒక చిన్న అంశం ఉంది. చికిత్స, మందులు, భోజనంతో పాటు రవాణా ఖర్చును కూడా అందులో చేర్చారు. 2008లో కేంద్రం తెచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన సైతం ఆసుపత్రిలో చేరిన ప్రతిసారీ 100 రూపాయల రవాణా భత్యం, ఏడాదికి 1,000 రూపాయల పరిమితితో ఇచ్చింది. ఆ తర్వాత వచ్చిన ఆయుష్మాన్ భారత్‌లో రక్షణ మొత్తం ఎన్నో రెట్లు పెరిగింది. ఆ చిన్న భత్యం మాత్రం కనుమరుగైంది.

2023 డిసెంబరు 9న తెలంగాణలో రేవంత్‌రెడ్డి ప్రభుత్వం ఒకే రోజున రెండు హామీలను మొదలుపెట్టింది. ఒకటి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం, రెండోది ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలకు పెంపు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మహిళల ఉచిత బస్సు వచ్చింది. ఆర్టీసీ అనే పెద్ద ప్రభుత్వ సంస్థ ఉండడం వల్లనే ఇవి సాధ్యమయ్యాయి. వాటి భారం ఆర్టీసీల మీద ఎంత పడుతుందన్న చర్చ వేరుగా సాగవలసిందే. ఆసుపత్రి ఖర్చునూ బస్సు ఖర్చునూ ఒకే కుటుంబ లెక్కగా చూసే రాజకీయం తెలుగు నేలపై ఎన్నికల్లో గెలిచింది. పుదుచ్చేరి ప్రతిపక్షం ఈ రెండింటినీ వేర్వేరు పత్రికా ప్రకటనల్లోనే ఉంచింది.

రాతలో ఏముండాలి?

2023 మార్చి చివరన పుదుచ్చేరి శాసనసభ రాష్ట్ర హోదా కోరుతూ మరోసారి తీర్మానం చేసింది. పాలకపక్షం, ప్రతిపక్షం కలిసి ఒప్పుకున్న అరుదైన అంశం అది. రాష్ట్ర హోదా వస్తే బస్సు చార్జీ విషయంలో మంత్రివర్గానికి స్వేచ్ఛ పెరుగుతుంది. జిప్మర్ మాత్రం అప్పటికీ పార్లమెంటు చట్టం కింద కేంద్ర సంస్థగానే ఉంటుంది. కాబట్టి హోదా వచ్చేదాకా ఆగండన్న జవాబు ఆసుపత్రి వరుసలో నిలబడ్డవారికి చెల్లదు.

హోదా లేకుండానే చేయగలిగినవి ఉన్నాయి. ఉచిత వైద్యానికి ఆదాయ పరిమితిని ఉపాధి హామీ కూలితో ముడిపెట్టి ఏటా సవరించాలని పుదుచ్చేరి ఎంపీలు పార్లమెంటులో కోరవచ్చు. క్యాన్సర్, డయాలిసిస్, క్షయ రోగులకు, తోడు వచ్చే ఒకరికి ఆసుపత్రి చీటీ చూపితే చెల్లే ప్రయాణ పాసు ఇచ్చి, ప్రైవేటు బస్సు యజమానులకు ఆ సొమ్ము చెల్లించడం పుదుచ్చేరి బడ్జెట్‌కు అందనంత పని కాదు. చార్జీ ఉత్తర్వు వెలువడక ముందు దాన్ని శాసనసభ ముందుంచుతామని ఒక పార్టీ తన ఎన్నికల ప్రణాళికలో రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

1937లో కార్మికులకు దక్కిన ఎనిమిది గంటలు ఆ తర్వాత ఏ ప్రభుత్వం మారినా మారకుండా నిలిచాయి. అది చట్టంలో ఉంది కాబట్టే నిలిచాయి. 2008లో ఇచ్చిన ఉచిత వైద్యం హామీ 2023 నాటికి 63 పరీక్షల దగ్గర తడబడింది. గేటు ముందు నినాదాలు ఇచ్చిన ప్రతిపక్షం రేపు మళ్లీ అధికారంలోకి రావచ్చు, పుదుచ్చేరిలో అది ఎంతో కాలం పట్టదు. ఆ రోజున అది ఏ ఉత్తర్వు మీద సంతకం చేస్తుందో ఈనాడే చెప్పమని ఓటరు అడగాలి. గోరిమేడు బస్సు ఎక్కే మనిషికి పనికొచ్చే ప్రశ్న అది.